నలభై నిమిషాల నీలం

“ఆ పుస్తకం ఎక్కడిది అక్కడ పెట్టెయ్యమ్మా,” అన్నాడు మేస్త్రీ, కోడలి ముఖం చూడకుండా.

కోడలు పెట్టలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, నూనె మరకలు పట్టిన ఆ నోటుపుస్తకాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకుంది. పొద్దున్నే రెంచీ కోసం మామగారి పనిముట్ల పెట్టె తెరిస్తే, అడుగున దొరికింది.

“ముందు ఇది నిజమో కాదో చెప్పండి మామయ్యగారూ.”

“నా చేత్తో రాసింది నాకే చదివి వినిపిస్తావా?”

“వినిపిస్తాను.” పేజీ తెరిచింది. “బేకరీ దొడ్డి. నూట తొంభై అడుగుల దగ్గర నీళ్లు కిందికి జారిపోయాయి. రాయి తొలిచేటప్పుడు పంపిన సబ్బు నురగ పైకి తిరిగి రాలేదు. సాయంత్రం లాండ్రీ బావిలో నురగ. మర్నాడు పొద్దున బోరులో నీలిమందు పోశాము. లాండ్రీ బావిలో నీలం తేలింది. నలభై నిమిషాలు.” పేజీ మీంచి తలెత్తింది. “ఆ లాండ్రీ ఎవరిది మామయ్యగారూ?”

పొయ్యి మీద టీ పొంగి మంట మీద పడింది. దాన్ని దించాల్సిన అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

లాండ్రీ ఎవరిదో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కోడలి తల్లిది. తొమ్మిదేళ్ల కిందట బావి నీళ్లు నురగలు కక్కి, ఆ మర్నాడు నీలంగా మారితే, ఆ నీళ్లు తాగే పదకొండు ఇళ్లవాళ్లూ వచ్చి గేటు ముందు నిలబడ్డారు. లాండ్రీ అన్నాక సబ్బూ ఉంటుంది, నీలిమందూ ఉంటుంది. ఆమె మురుగు కాలవే పగిలి బావిలోకి దిగిందని అందరూ తేల్చేశారు. ఆవిడా అదే నమ్మింది. కౌన్సిల్ వాళ్లు బావికి ఇనప మూత బిగించారు. ఇరవై ఏళ్లు నడిపిన లాండ్రీకి తాళం పడింది. అప్పటినుంచి ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతోంది.

మేస్త్రీ మాత్రం తన పద్ధతి తప్పలేదు. నలభై ఏళ్లుగా ఊళ్లో ఏ బోరు వేసినా, పని ముగిసిన పూట చేతులు కడుక్కోకముందే పుస్తకంలో రాస్తాడు. ఎన్ని అడుగులు, ఏ లోతులో ఏ రాయి, ఎక్కడ నీళ్లు పడ్డాయి, ఎక్కడ పోయాయి. నోటితో అబద్ధం ఆడాడేమో గానీ పుస్తకంలో ఏనాడూ ఆడలేదు. ఇప్పుడు పీకల మీదికి తెచ్చింది ఆ మంచి అలవాటే.

“ఆ రోజు మా అమ్మ మిమ్మల్ని పిలిపించింది,” అంది కోడలు. “మేస్త్రీగారూ, కాస్త చూసి చెప్పండి, ఇదేమిటీ అని అడిగింది. మీరు బావిలోకి తొంగిచూసి ఏమన్నారో గుర్తుందా?”

మేస్త్రీ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“మీ కాలవ చూసుకోండి అన్నారు.”

“తెలుసు.”

“తెలుసా?”

“ఆ మాట నేను మర్చిపోయిన రోజు లేదమ్మా.”

అప్పుడు వచ్చాడు కొడుకు, చేతులకు గ్రీజుతో, భుజం మీద తువ్వాలుతో. వచ్చీ రాగానే తండ్రి ముఖమూ, భార్య చేతిలో పుస్తకమూ చూశాడు. ఏమిటని అడగలేదు.

“ఇవాళ ఇది కౌన్సిల్లో చదువుతావా?” అన్నాడు.

“పదకొండింటికి ఓటింగు. నాలుగు ఓట్లు గ్యాసు తవ్వకం నిషేధానికి, నాలుగు కంపెనీకి. మిగిలింది చైర్మన్‌గారి ఓటు. ఆవిడ పోయిన వారం అందరి ముందూ ఏమంది? ఈ ఊరి కింద ఒక బావికీ ఇంకో బావికీ మధ్య ఒక్క దారి చూపించండి, నేను చెయ్యెత్తుతాను అంది. ఆ దారి ఈ పుస్తకంలో ఉంది.”

“చదివితే ఊరంతా నాన్న ముఖాన ఉమ్మేస్తారు.”

“చదవకపోతే ఊరంతా ఏం తాగుతారు? పాత మిల్లు వెనకాల బండ పగలగొట్టడానికి వాళ్లు దింపేవి మందు కలిపిన నీళ్లు. సబ్బునురగ కాదు, కడిగేసుకోవడానికి.”

“వచ్చే నెల నుంచి మన బోరు రిగ్గు కంపెనీ పనికి వెళ్తోందన్న సంగతి...”

“అదీ గుర్తుంది. రోజుకు మూడుసార్లు గుర్తుచేస్తున్నారుగా.”

“మీరిద్దరూ అరుచుకుంటే ఆ నీలం తెల్లబడుతుందా?” అంది అత్తగారు. టీ గిన్నె ఇప్పటికి దించింది. మొగుడి వైపు తిరిగింది. “అయితే ఆ రోజు నా నీలిమందు డబ్బా పట్టుకుపోయింది మీరన్నమాట. పిల్లి తోసేసిందన్నారు. దాన్ని ఎన్నేళ్లు తిట్టానండీ! పాపం, తిట్లు తింటూనే పోయింది.”

ఇంకో రోజైతే అందరూ నవ్వేవాళ్లు. ఆ పూట ఒక్కరూ నవ్వలేదు. నవ్వించాలని ఆవిడా అనలేదు.

మేస్త్రీ లేచాడు. “చదువుకో. నేను మాత్రం రాను. ఆవిడ ఎదురుగా నిలబడే మొహం నాకు లేదు.”

కోడలు ఆ పుస్తకాన్ని బల్ల మీద, ఆయన కళ్లద్దాల పక్కన పెట్టింది.

“నేను చదవను మామయ్యగారూ. ఎవరో రాసిన కాయితం అని ఇంజనీరు తీసిపారేస్తాడు. పైగా మా అమ్మ ఈ మాట నా నోట వినకూడదు. మీది మీరే చదవాలి. పదకొండింటికి.”

చెప్పులేసుకుని వెళ్లిపోయింది. వీధి మలుపు తిరిగాక గానీ తన చేతులు ఎంత ఖాళీగా ఉన్నాయో ఆమెకు తెలియలేదు. ఉన్న ఒక్క సాక్ష్యం ఇంట్లో వదిలేసి యుద్ధానికి బయల్దేరింది.

*

కౌన్సిల్ హాల్లో కుర్చీలు చాలక జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. నీటి మీటర్లు చదవడానికి నెలనెలా ప్రతి గుమ్మమూ ఎక్కే మనిషి కాబట్టి, మేస్త్రీ కోడల్ని ఊరంతా మీటరమ్మ అంటారు. ఆ గుమ్మాలన్నీ ఇవాళ హాల్లోకి కదిలివచ్చాయి.

వెనక వరసలో ఆమె తల్లి కూర్చుంది. రాత్రి డ్యూటీ దిగి ఇటే వచ్చినట్టుంది, ఆసుపత్రి చీర మార్చుకోలేదు. ఒళ్లో సంచి.

కంపెనీ ఇంజనీరు తన తెల్ల హెల్మెట్‌ను బల్ల మీద ముందు పెట్టుకుని మాట్లాడుతున్నాడు. హాలు పైకప్పు మీద ఆయనకు అంత నమ్మకం లేదేమో. గోడ మీద బొమ్మ చూపించాడు. పైన ఇళ్లు, కింద బావులు, ఆ కింద బూడిద రంగులో దిట్టంగా ఒక బండ.

“చూశారుగా, ఒకటే రాయి. ఎక్కడా బీట లేదు. ఏ బావి నీళ్లు ఆ బావివే. అలాంటప్పుడు కిలోమీటరు లోతులో మేం చేసే పని మీ బిందెలోకి ఎలా వస్తుందండీ?”

మందుల దుకాణం నడిపే చైర్మన్‌గారు అద్దాల పైనుంచి మీటరమ్మ వైపు చూసింది. “నిషేధం కోరే మీ కమిటీ తరపున ఏమైనా చూపిస్తారా? పోయిన వారం అడిగాను.”

“ఐదు నిమిషాలు ఇవ్వండి మేడమ్.”

“ఇంతకు ముందు కూడా ఐదు నిమిషాలే అడిగావమ్మా.”

“ఇదే చివరిది.”

ఎదురుగా గోడ గడియారం. తలుపు దగ్గర ఎవరూ లేరు. ఎంత తెలివితక్కువ పని చేశాను, చేతిలో ఉన్నదాన్ని చేజేతులా వదిలేశాను అని మీటరమ్మ తనను తాను తిట్టుకుంది. చైర్మన్‌గారు రిజిస్టరు దగ్గరికి లాక్కుంది.

“ఇక ఓటింగు పెడదాం. నిషేధానికి ఒప్పుకునేవాళ్లు...”

“ఒక్క క్షణం తల్లీ.”

మేస్త్రీ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో నోటుపుస్తకంతో. వెనకే అత్తగారు, ఆయన ఎక్కడ వెనక్కి తిరుగుతాడోనన్నట్టు దారికి అడ్డంగా.

ఆయన ముందుకు వెళ్లి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పేజీ దొరకడానికి కాస్త సేపు పట్టింది. చదవడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. నురగ, నీలం, నలభై నిమిషాలు, అన్నీ చదివాడు. పుస్తకంలో లేనిది కూడా చెప్పాడు.

“నా బోరు వల్లే ఇంకొకరి బావి పాడైందని తెలిస్తే మళ్లీ నన్నెవరూ పనికి పిలవరని భయపడ్డాను. అందుకని నోరు మూసుకున్నాను. లాండ్రీ కాలవకు ఏమీ కాలేదు. అప్పుడూ కాలేదు, ఎప్పుడూ కాలేదు.”

హాలంతా వెనక వరస వైపు తిరిగింది. లాండ్రీ అమ్మ సంచిలోంచి జేబురుమాలు తీసి, మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. తర్వాత లేచి, ఎవరినీ చూడకుండా బయటికి వెళ్లిపోయింది.

“అమ్మా,” అని కూతురు లేవబోయింది. అత్తగారు భుజం నొక్కి కూర్చోబెట్టింది.

ఇంజనీరు మర్యాదగానే నవ్వాడు. “పెద్దాయన మీద గౌరవం ఉంది. కానీ నోటుపుస్తకంలో ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు కదండీ.”

“రాసుకోవచ్చు,” అన్నాడు మేస్త్రీ. “అందుకే మళ్లీ పోద్దాం బాబూ. బోరు ఉంది. బావి ఉంది. నీలిమందు కొట్లో దొరుకుతుంది.”

“ఉత్తినే పోస్తే సరిపోతుందా? నీళ్లు తోయాలిగా. దానికి రిగ్గు కావాలి,” అన్నాడు ఇంజనీరు.

రిగ్గు ఇప్పుడు మేస్త్రీది కాదు, కొడుకుది. ఆ కొడుకు కంపెనీ మాట ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఊరందరికీ తెలుసు.

“రిగ్గు బయటే ఉంది,” అంది కిటికీ దగ్గర్నుంచి ఒక గొంతు.

మీటరమ్మ తిరిగిచూసింది. ఆమె మొగుడే. చేతుల గ్రీజు ఇంకా పోలేదు.

“వచ్చేటప్పుడు తెచ్చాను,” అన్నాడు, ఎవరో ఏదో అడిగినట్టు.

చైర్మన్‌గారు రిజిస్టరు మూసింది. “సభ లాండ్రీ దొడ్లోకి మారుస్తున్నాను. ఇటు నుంచి ఒక సభ్యుడు, అటు నుంచి ఒక సభ్యుడు రిగ్గుతో పాటు బేకరీకి వెళ్లండి. మిగతావాళ్లు నాతో రండి.”

*

లాండ్రీ గేటు తెరిచే ఉంది. లోపల, తుప్పు పట్టిన ఇనప మూత పక్కన కొంగు బిగించుకుని నిలబడి ఉంది లాండ్రీ అమ్మ.

“తాళం నా దగ్గరుంటే ఎవరు తీస్తారు మరి?” అంది కూతురి ముఖం చూసి. “వెళ్లిపోయాననుకున్నావా? కిటికీ బయట నిలబడి అంతా విన్నాను.”

నలుగురు పట్టి మూత జరిపారు. తొమ్మిదేళ్ల చల్లదనం పైకి వచ్చింది. బావిలో మోటారు దింపి, పక్క నీళ్లను లాక్కునేలా నడిపించారు. గట్టు మీద ఒక బకెట్టు, ఒక తాడు. ఆవిడ తాడు పట్టుకుంది, అడగబోయినవాళ్లకు ఇవ్వలేదు.

మూడు వీధుల అవతల నుంచి మొగుడు ఫోన్ చేశాడు. “ఇప్పుడే పోశాం. కట్టెల గుట్ట జరిపి మూత తీసేసరికి ఆలస్యమైంది. పన్నెండూ ఇరవై రాసుకో.”

మీటరమ్మ రాసుకుంది.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. డెబ్బై మంది జనం ఒక బావి చుట్టూ నిలబడి గడియారాలు చూసుకోవడం తప్ప. మేస్త్రీ గట్టుకు ఒక వైపు, లాండ్రీ అమ్మ ఇంకో వైపు. ఇద్దరూ బావిలోకే చూస్తున్నారు. ఒకరి మీద ఒకరి కళ్లు పడకుండా ఉండటానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

ఐదు నిమిషాలకు ఒకసారి ఆవిడ బకెట్టు తోడుతోంది. తేట నీళ్లు. పారబోస్తోంది. మళ్లీ తోడుతోంది.

ఒంటిగంట అయింది. నలభై నిమిషాలు.

బకెట్టులో అడుగు స్పష్టంగా కనిపిస్తోంది.

“అయ్యాయి కదండీ నలభై,” అన్నాడు ఇంజనీరు.

“ఇంకాస్త చూద్దాం,” అంది చైర్మన్‌గారు.

ఒంటిగంటా పది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మేస్త్రీకి మతి పోయిందని ఎవరో అన్నారు. కోడలి ఒత్తిడికి ముసలాయన లేనిపోని నేరం నెత్తిన వేసుకున్నాడని ఇంకెవరో అన్నారు. ఇంజనీరు హెల్మెట్ తీసి తలకు పెట్టుకున్నాడు, ఇక బయల్దేరదాం అన్నట్టు.

“మామయ్యగారూ,” అంది మీటరమ్మ మెల్లగా. “ఖాయంగా ఇదే బావా?”

“ఇదే.”

“మరి?”

“అది వానాకాలం తల్లీ. లోపల నిండుగా ఉంది, పరుగెత్తుకొచ్చింది. ఇప్పుడు ఎండలు. దారి అదే, నడకే నెమ్మది.” పైకి ధైర్యంగానే అన్నాడు గానీ, బావిలోంచి కళ్లు తియ్యలేదు. తప్పు ఒప్పుకున్నాక అది తన తప్పు కాదని తేలితే సంతోషించాల్సింది పోయి, ఆ తప్పు తనదే కావాలని కోరుకుంటూ నిలబడ్డాడు పాపం.

ఒంటిగంటా ఇరవై మూడు.

లాండ్రీ అమ్మ బకెట్టు పైకి లాగింది. ఈసారి పారబోయలేదు. వంగి చూసింది. సంచిలోంచి తెల్లటి దిండు గలీబు ఒకటి తీసి, సగం ముంచి, పిండకుండా ఎండకు ఎత్తి పట్టుకుంది.

“వచ్చింది,” అంది.

“ఏదండీ? నాకేం కనబడటం లేదు,” అన్నాడు ఇంజనీరు. నిజానికి ఎవరికీ కనబడలేదు. కూతురికి కూడా.

“మీకు కనబడేదాకా ఆగితే బట్టలన్నీ పాడైపోతాయి బాబూ. నీలం ఎక్కువై చారలు కట్టేస్తుంది.” కుళాయి నీళ్లలో ఇంకో గలీబు తడిపి తెమ్మంది. రెండూ పక్కపక్కన తీగ మీద వేసింది. “ఇప్పుడు చూడండి. ఇది ఉత్త తెలుపు. ఇది నీలిమందు పెట్టిన తెలుపు. ఇరవై ఏళ్లు చేసిన పని, ఈ మాత్రం తెలియదా నాకు?”

జనం ముందుకు తోసుకొచ్చారు. చైర్మన్‌గారు అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఒకటి తెలుపు. రెండోది, అవును, ఒక వెంట్రుకవాసి వేరు.

తర్వాతి బకెట్టుకు ఆ తేడా పిల్లలకు కూడా తెలిసింది. ఆ తర్వాతి బకెట్టు చూసి ఎవరూ ఏమీ అడగలేదు. ఇంకు కలిపినట్టు నీలంగా, నిండుగా, గట్టు మీదికి తొణుకుతూ వచ్చింది.

ఎవరో కేక పెట్టారు. ఆ కేకతో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. బేకరీ నుంచి పరుగెత్తుకొచ్చిన ఇద్దరు సభ్యులూ రొప్పుతూ, వచ్చిందా, వచ్చిందా అని అడుగుతుంటే, అత్తగారు ఆ బకెట్టులో చెయ్యి ముంచి వాళ్ల ముఖాన చిలకరించింది. “వచ్చింది, ఇదిగో!”

ఇంజనీరు హెల్మెట్ మళ్లీ తీసి చేత్తో పట్టుకున్నాడు. బావిలోకి చాలాసేపు చూశాడు. “మా బొమ్మలో ఇది లేదు,” అన్నాడు చివరికి. ఆ మాట మాత్రం నిజాయితీగానే అన్నాడు.

“మీ బొమ్మలో లేకపోతే మా ఊళ్లో ఉండకుండా పోదుగా సార్,” అంది చైర్మన్‌గారు. “రిజిస్టరు ఇటు తెండి. ఇక్కడే సంతకాలు.”

నాలుగు చేతులు లేచాయి. నాలుగు లేవలేదు. చైర్మన్‌గారి చెయ్యి లేచింది. లేవని నాలుగిట్లో ఒకటి ఆవిడ వెనకే నెమ్మదిగా లేచింది. ఊరి సరిహద్దుల్లో గ్యాసు కోసం బండ పగలగొట్టడం నిషేధం.

మీటరమ్మ గట్టు మీద కూలబడింది. పద్నాలుగు నెలలుగా భుజాల మీద మోస్తున్న బరువు దిగిపోతే, నిలబడటానికి ఓపిక మిగల్లేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటు కన్నీళ్లూ వచ్చాయి. ఎవరెవరో వచ్చి చేతులు పట్టుకుని ఊపుతున్నారు. మీటరు తిరక్కుండా అడ్డం పెట్టుకునే పెద్దమనిషి కూడా వచ్చి ఊపాడు. ఆయన్ని ఆ రోజుకు క్షమించేసింది.

*

సాయంత్రానికి జనం పలచబడ్డారు. మోటారు ఆపలేదు. నీలం కొట్టుకుపోయి మళ్లీ తేట నీళ్లు వచ్చేదాకా నడవాలని మేస్త్రీ చెప్పాడు. రిగ్గు తెచ్చి గేటు ముందు ఆపి, మొగుడు గొట్టాలు చుడుతున్నాడు. అత్తగారు ఎక్కడినుంచో టీ పట్టుకొచ్చింది.

లాండ్రీ అమ్మ తాళం తీసి లోపలికి వెళ్లి, ఇస్త్రీ బల్లలూ, గోడ మీది కొక్కేలూ చూసుకుని వచ్చింది. వచ్చి మేస్త్రీకి ఎదురుగా కూర్చుంది. పొద్దుటినుంచీ మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

“అయితే నా కాలవ కాదన్నమాట.”

“కాదు చెల్లెమ్మా.”

“మూడుసార్లు తవ్వించాను ఆ కాలవని. మూత పడ్డాక కూడా. ఎక్కడ పగిలిందో తెలిస్తే చాలు, నిద్రపడుతుంది అనుకున్నాను. ఎన్ని రాత్రులు లేచి కూర్చుని గొట్టం గొట్టం తలుచుకున్నానో! ఏ కీలు దగ్గర తప్పు చేశానో అని.” ఆగింది. పెదాల మీదికి నవ్వు వచ్చింది. “నేనేం చెయ్యలేదు. ఏమీ చెయ్యలేదు నేను!”

మేస్త్రీ చేతులు జోడించబోయాడు. “క్షమించమని అడగడానికి కూడా నోరు...”

“వద్దన్నయ్యగారూ. ఇవాళ వద్దు. ముందు నన్ను కాసేపు సంతోషంగా ఉండనివ్వండి. కోపం రేపు పడతాను. రేపు నాకు సెలవే.”

అత్తగారు ఫక్కున నవ్వేసింది. “పడండి వదినగారూ, కడుపారా పడండి. నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను. నా పిల్లి లెక్క ఒకటి తేలాలి.”

ఈసారి అందరూ నవ్వారు, మేస్త్రీ కూడా. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. తొమ్మిదేళ్లుగా తల వంచుకుని తిన్న అన్నం ఇవాళ ఒంటికి పడుతుందనిపించింది ఆయన్ని చూస్తే.

టీ తాగి గ్లాసు కింద పెట్టాక లాండ్రీ అమ్మ మళ్లీ అంది, “ఒక్కటి మాత్రం ఇప్పుడే అడుగుతాను. లాండ్రీ మూసిన మూడేళ్లకి మీ అంతట మీరు మా గుమ్మంలోకి వచ్చారు, మీ అమ్మాయిని మా ఇంటికి ఇవ్వండి అని. అంత పేరున్న మేస్త్రీ, మూతపడ్డ లాండ్రీ ఇంటికి ఎందుకొచ్చాడా అని అప్పుడే అనుకున్నాను. అందుకేనా?”

మేస్త్రీ తన గ్లాసు కింద పెట్టాడు.

“మొదట అందుకే వచ్చాను,” అన్నాడు మేస్త్రీ.

“నేను మాత్రం పిల్ల నచ్చి వచ్చాను,” అంది అత్తగారు గబుక్కున. “నాకు ఏ నీలమూ తెలియదు, ఒట్టు.” కోడలి చెయ్యి లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది.

మీటరమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ మాట గుచ్చుకున్నా, ఎందుకో అనుకున్నంత లోతుగా దిగలేదు. అత్తగారి చెయ్యి వెచ్చగా ఉంది. ఆరేళ్లుగా ఎరిగిన చెయ్యే. మొదట ఎందుకొచ్చినా, తర్వాత తనను ఆ ఇంట్లో ఎవరూ తక్కువగా చూడలేదు. మామగారైతే అసలే లేదు.

అప్పుడు ఆమె చూపు గేటు దగ్గరికి వెళ్లింది. మొగుడు గొట్టం చుట్టడం ఆపేసి, సగం చుట్టినదాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

నెలనెలా బేకరీ మీటరు చదివేది ఆమే. గేటు పక్కనే ఉంటుంది మోటారు బిగించిన బోరు. ఆమె ఎరిగిన బోరు అదొక్కటే. మొగుడు ఫోన్లో చెప్పిన కట్టెల గుట్ట ఉన్నది దొడ్డి చివర.

“మామయ్యగారూ, బేకరీలో రెండు బోర్లున్నాయా?”

“ఉన్నాయమ్మా. మనం వేసింది పాతది. నీళ్లు నిలవలేదని మూసేశారు. దాని మీద కట్టెలు పేర్చుకున్నారు.”

“ఇవాళ ఆయనకు ఆ సంగతి మీరు చెప్పారా?”

మేస్త్రీ కొడుకు వైపు చూసి, గబుక్కున చూపు తిప్పుకున్నాడు. “లేదే. హాల్లోంచి తిన్నగా ఇటే వచ్చాను. బేకరీవాళ్లు చెప్పారేమో.”

“ఆ బేకరీవాళ్లు వచ్చి నాలుగేళ్లేగా అయింది.”

ఆమె లేచింది. గేటు దగ్గరికి నడిచి మొగుడి ఎదురుగా నిలబడింది. తెలుసా అని అడగనక్కర్లేకపోయింది. పొద్దున పుస్తకం చూసి కూడా అదేమిటని ఆయన అడగకపోవడం గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ కంపెనీ పని గురించి అంత గట్టిగా ఎందుకు పోట్లాడాడో, ఈ మాట ఎక్కడ బయటికొస్తుందోనని ఎంత భయపడ్డాడో, ఇవాళ ఆ భయాన్నే రిగ్గు మీద ఎక్కించి ఎలా తోలుకొచ్చాడో, అన్నీ ఒక వరసలోకి వచ్చాయి.

“మీకెప్పట్నుంచి తెలుసు?”

ఆయన గొంతు చాలా చిన్నగా వచ్చింది. “మీ అమ్మ పిలిపించిన పూట నాన్న బావి దగ్గర గడియారం పట్టుకుని నిలబడ్డాడు. అటు చివర ఒకళ్లు ఉండాలిగా. అమ్మ డబ్బా తీసుకెళ్లి బోరులో పోసింది నేనే.”

వెనక అత్తగారు చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

మీటరమ్మ ఆయన చేతుల్లోని గొట్టం వైపు చూసింది. పొద్దుటినుంచీ పడ్డ శ్రమకు ఆ చేతులు కందిపోయి ఉన్నాయి. గోళ్ల సందుల్లో గ్రీజుతో పాటు నీలం. ఇవాళ్టిదే అది. అయినా తొమ్మిదేళ్ల నాడు కూడా ఆ చేతులు ఇలాగే ఉండి ఉంటాయి.

ఊరి నీళ్లు దక్కాయి. తల్లి నిర్దోషి అయింది. ఆ సంతోషం ఇంకా గుండెల్లో వెచ్చగానే ఉంది, దాన్ని పాడుచేసుకోవాలని ఆమెకు లేదు.

“అమ్మా,” అని పిలిచింది, మొగుడి మీంచి చూపు తిప్పకుండానే. “రేపు నేనూ సెలవు పెడుతున్నాను. మనింటికొచ్చి నీ పక్కన కూర్చుంటా.”